కోనసీమ డిగ్రీ పిల్లల్ని బయోమెడికల్ పీహెచ్‌డీ దాకా చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లంక_మాస్టారు అడిగారు:

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంటిల్లిపాదిలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళు. కొబ్బరి దింపు తీసేవాళ్ళ పిల్లలు, లంకల్లో కౌలు చేసేవాళ్ళ పిల్లలు, వేటకెళ్ళే మత్స్యకారుల పిల్లలు. ఎస్సీ, బీసీ పిల్లలే ఎక్కువ. ప్రతి బ్యాచ్‌లోనూ ముగ్గురో నలుగురో "ఎందుకలా?" అని అడగడం మానని వాళ్ళుంటారు. వాళ్ళని చూస్తే పరిశోధనకే పుట్టారనిపిస్తుంది.

కానీ జరిగేది ఏటా ఒకటే. ఏపీ పీజీసెట్ రాస్తారు, దగ్గర్లో దొరికిన ఎమ్మెస్సీలో చేరతారు, ఆ తర్వాత భీమవరం వైపు ఆక్వా ల్యాబో, బీఈడీయో, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఉద్యోగమో. పీహెచ్‌డీ అన్న మాట ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో చెవిన పడుతుంది, అప్పటికి ఇంట్లో అప్పులవాళ్ళు తలుపు తడుతుంటారు.

మా ల్యాబులో ఉన్నవి మైక్రోస్కోపులు, ఒక ఇంక్యుబేటర్, ఒక కలరీమీటర్. ఇంతటితో నేను వాళ్ళకి డిగ్రీలోనే ఏం చేసి పెట్టగలను? ఏ పరీక్ష ఎప్పుడు? డబ్బు సంగతేమిటి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

---

హబ్సిగూడ_బయాలజీ:

మాస్టారూ, మీ పిల్లలు జారిపోయేది ఎమ్మెస్సీ తర్వాత కాదండి. డిగ్రీ మూడో ఏడు దసరా నాటికే జారిపోతున్నారు. ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి, పరీక్ష ఫిబ్రవరిలో. మన దగ్గర దసరా సెలవులు అయ్యాక గానీ ఎవరూ పీజీ మాట ఎత్తరు. అప్పటికి ఆ తలుపు మూసేసి ఉంటుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ పీజీ ఉంది, దాని దరఖాస్తులు సంక్రాంతి చుట్టుపక్కల. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలకి గ్యాట్-బీ అనే పరీక్ష వేరే. పీజీసెట్ రాయొద్దని కాదు, అది ఒక్కటే రాయడం దగ్గరే నష్టం. ఎమ్మెస్సీ ఏ ల్యాబులో చేశారన్నదాన్ని బట్టే తర్వాతి మెట్టు సగం తేలిపోతుంది.

జామ్ బయోటెక్నాలజీ పేపర్ 100 మార్కులు, 60 ప్రశ్నలు, 3 గంటలు. ఇక్కడ బైపీసీ పిల్లలకి తగిలే దెబ్బ ఒకటుంది. సిలబస్‌లో ఇంటర్ స్థాయి గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా ఉంటాయి. పదో తరగతితో లెక్కలు వదిలేసినవాళ్ళు ఆ ప్రశ్నల జోలికే వెళ్ళరు. డిగ్రీ రెండో ఏట వారానికి రెండు సాయంత్రాలు లాగరిథమ్స్, సంభావ్యత, చిన్న చిన్న డెరివేటివ్స్ చెప్పించండి. మీ కాలేజీ మ్యాథ్స్ లెక్చరర్ చాలు, కోచింగ్ సెంటర్ అక్కర్లేదు. కొన్ని కోర్సులకి ఇంటర్‌లో గణితం ఉండాలనే నిబంధన కూడా ఉండొచ్చు, బ్రోచర్ చూశాకే ఆప్షన్లు పెట్టించండి.

ఇక అసలు పరీక్ష, పీహెచ్‌డీ, ఫెలోషిప్‌ల కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్, లైఫ్ సైన్సెస్. 200 మార్కులు, 3 గంటలు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలకి 15 రాయాలి, ఒక్కోటి 2 మార్కులు. పార్ట్ బీలో 50కి 35, ఇవీ 2 మార్కులే. పార్ట్ సీలో 75కి 25, ఒక్కోటి 4 మార్కులు. తప్పుకి పావు వంతు కోత. అంటే సగం మార్కులు పార్ట్ సీ లోనే ఉన్నాయి, పైగా 75లో మీకు నచ్చిన 25 ఏరుకోవచ్చు. సిలబస్‌లో 13 యూనిట్లు. మన పిల్లలు 13 యూనిట్లూ పైపైన బట్టీ పట్టి వెళ్ళి పార్ట్ సీ దగ్గర చతికిలపడతారు. ఆరేడు యూనిట్లు లోతుగా, ప్రయోగాల స్థాయిలో పట్టుకుని, మిగతావి పార్ట్ బీకి సరిపడా చదివితే ఫలితం వేరుగా ఉంటుంది. పార్ట్ ఏ పూర్తిగా లెక్కలు, తర్కం. అక్కడ 30 మార్కులున్నాయని మరిచిపోకండి.

పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి విషయం తెలిసినా ఆరేడు వరుసల ప్రశ్న చదివేసరికి సమయం అయిపోతుంది. దీనికి నాకు తెలిసి పనిచేసే ఉపాయం ఒకటే. వారానికి ఒక పరిశోధన పత్రం నుంచి ఒక్క బొమ్మ తీసుకోండి, కింద వివరణ కప్పేయండి. అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది, ఏ కమ్మీని (బార్) దేనితో పోల్చాలి అన్నది ముందు తెలుగులోనే చెప్పించండి. బాగా వాదించుకోనివ్వండి. తర్వాత అదే సంగతి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయమనండి. ఏడాదికి 40 బొమ్మలవుతాయి. వ్యాకరణం పుస్తకం చెయ్యలేని పని ఇది చేస్తుంది.

జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాకపోతే అంతా పోయినట్టు పిల్లలు ఇంటికెళ్ళిపోతారు, అది కూడా ఆపాలి. 2024 నుంచి నెట్ ఫలితాలు మూడు విభాగాల్లో వస్తున్నాయి. మొదటిది జేఆర్ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఇచ్చేది. రెండోది ఫెలోషిప్ లేకుండా మిగతా రెండూ. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. చివరి రెండింట్లో ఉన్నవాళ్ళకి నెట్ స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం లెక్కేసి విశ్వవిద్యాలయాలు సీటిస్తాయి. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. మూడో విభాగంలో పేరు చూసి "తప్పాను" అనుకుని ఊరుకుంటే చేతిలో ఉన్న సీటు వదులుకున్నట్టే.

పక్కదారులు కూడా తెలిసుండాలి. గేట్ స్కోరు మూడేళ్ళు ఉంటుంది, కానీ లైఫ్ సైన్సెస్ పేపర్లో కెమిస్ట్రీ తప్పనిసరి. టీఐఎఫ్ఆర్, ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలకి జెగీబిల్స్ అనే వేరే పరీక్ష. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి ఏపీఆర్‌సెట్.

---

దోమల_ల్యాబ్:

పరీక్షల గురించి పైన బాగా చెప్పారు. నేను ఇంటర్వ్యూ గది గురించి చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల పిల్లలు నెట్ దాటి కూడా అక్కడ ఆగిపోతున్నారు.

కారణం ప్రాజెక్టు. పట్నంలో డబ్బు కట్టి, రెండు వారాలు చూసి, బైండు చేసిన రిపోర్టు తెచ్చుకుంటారు. మీద "యాంటీక్యాన్సర్ యాక్టివిటీ" అని ఉంటుంది. ప్యానెల్ అడిగే మొదటి ప్రశ్న "నీ కంట్రోల్ ఏమిటి?", అంటే మందు వెయ్యకుండా పోలికకి ఏం పెట్టావని. రెండోది "అది ఎందుకు?" అక్కడితో అయిపోతుంది. దానికి బదులు మీ ఇంక్యుబేటర్, మైక్రోస్కోపులతో ఊళ్ళోనే చేసిన చిన్న పని వందరెట్లు మేలు. పైగా మన డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా, మొదటి ఏడు తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడు తర్వాత వేసవి రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్. చాలాచోట్ల అది సంతకం కాగితంగా మిగిలిపోతోంది. ఆ నెలలే పిల్లల పరిశోధన అనుభవం అవ్వాలి.

ఉదాహరణకి బోదకాలు. గోదావరి జిల్లాలకి దానితో పాత పరిచయం. మోసే దోమ క్యూలెక్స్ క్విన్‌క్విఫేసియేటస్, మీ కాలేజీ వెనక మురుగు కాలవలోనే దొరుకుతుంది. దాని లార్వాల మీద ఒక ఆకు సారమో, ఒక లార్విసైడో (లార్వాలని చంపే మందు) ఎంత మోతాదుకి ఎంత పనిచేస్తుందో కొలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం కప్పుకి 25 లార్వాలు, మూడో దశ చివర్లోనో నాలుగో దశ మొదట్లోనో ఉన్నవి. కప్పులో 100 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక్కో మోతాదుకి 4 కప్పులు, కనీసం 5 మోతాదులు. 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కపెట్టాలి. ఇదంతా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చెయ్యాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, కాలవలోంచి లార్వాలనే ముంచి తెస్తారు. అవి రకరకాల వయసులవి, పైగా పంచాయతీ వాళ్ళు నిన్న మందు కొట్టిన కాలవ కావచ్చు. గుడ్ల తెప్పలు తెచ్చి ట్రేలో పెంచుకుంటే అన్నీ ఒకే ఈడువి వస్తాయి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు వాడితే కంట్రోల్‌లోనే చస్తాయి, ఒక రాత్రంతా వెడల్పాటి పాత్రలో తెరిచి ఉంచాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, సారం ఆల్కహాల్‌లో తీసి, కంట్రోల్‌లో ఉత్త నీళ్ళు పెట్టడం. ఆల్కహాల్ ఒక్కటే అంతే పరిమాణంలో వేసిన కప్పులు లేకపోతే లార్వాలని చంపింది ఆకా, ఆల్కహాలా అన్నది ఎవరూ చెప్పలేరు.

కంట్రోల్‌లో మరణాలు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే ఆబట్ సూత్రంతో సరిచెయ్యాలి. మందు వేసిన కప్పుల్లో 60 శాతం, కంట్రోల్‌లో 10 శాతం చచ్చాయనుకోండి. 60 లోంచి 10 తీసేస్తే 50, దాన్ని 90తో (100 లోంచి కంట్రోల్ 10 పోగా మిగిలినది) భాగించి వందతో గుణిస్తే 55.6 శాతం. కంట్రోల్ 20 దాటితే ఆ రోజు లెక్క మొత్తం పారేసి మళ్ళీ చెయ్యాల్సిందే. ఆ పారేసిన రోజుని కూడా నోటుపుస్తకంలో ఉంచమనండి, తేదీతో సహా. ప్యానెల్ ముందు దాని గురించి చెప్పగలిగిన పిల్లవాడు సగం గెలిచినట్టే. ట్రేల మీద దోమతెర కట్టండి, పని అయ్యాక మిగిలిన వాటి మీద మరిగే నీళ్ళు పొయ్యండి. మనుషుల రక్తం జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. ఫైలేరియా రాత్రి రక్తపరీక్షలు ఆరోగ్యశాఖ పని, ఎథిక్స్ కమిటీ అనుమతి లేని పని పిల్లల మెడకి చుట్టుకుంటుంది.

ఒక మాట కలపనివ్వండి. బోదకాలుకి ఇప్పటికీ మింగిస్తున్న డీఈసీ మాత్ర బయటపడింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో, 1940లలో. ఎమ్మెస్సీలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి కూడా ఆయనదే, 1925 నాటిది. ఈ రెండూ తమ ఊరి పక్క మనిషి సాధించినవని మన పిల్లల్లో చాలామందికి తెలియదు, తెలియజెయ్యండి.

ఇక సిఫారసు ఉత్తరం. ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్నది మాస్టారూ. "క్రమశిక్షణ, వినయం గల విద్యార్థి, మంచి నడవడిక" అని రాస్తే ఎంపిక చేసేవాళ్ళకి ఏమీ తెలియదు. అది కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది. "కంట్రోల్ కప్పుల్లో 28 శాతం చావడం చూసి, ఎవరూ చెప్పకుండానే నీటిని అనుమానించి, కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు, నిలవ ఉంచిన నీళ్ళు విడివిడిగా పెట్టి చూసింది" అని రాయండి. ఒక్క వాక్యంతో మనిషి కనబడుతుంది. అలా రాయాలంటే మీరు కూడా ఆ పిల్ల పనిని వారం వారం ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి. ఏడాది తర్వాత గుర్తుండవు.

ఆ ఉత్తరం మొదట అక్కరకొచ్చేది మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి. రెండు నెలలు ఒక మంచి ల్యాబులో పని, స్టయిపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తులు దసరా-దీపావళి సీజన్‌లోనే చూసుకోవాలి.

---

తాలూకా_కాగితాలు:

డబ్బు, సర్టిఫికెట్ల సంగతి నేను చెబుతాను. తెలివైన పిల్లలు కాగితం దగ్గర ఓడిపోవడం కన్నా బాధాకరం ఇంకోటి లేదు.

బీసీ పిల్లలు ముందు ఇది తెలుసుకోవాలి. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీ, డీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది. మార్చిలో తీసుకున్నది జూన్ ఇంటర్వ్యూలో తిప్పికొడతారు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో కూడా ఉందో లేదో ముందే చూడండి. ఈ సర్టిఫికెట్‌కి ఉన్న 8 లక్షల ఆదాయ పరిమితి లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఇది తెలియక కొందరు అర్హత ఉండి కూడా ఓపెన్‌లో రాస్తున్నారు. ఈడబ్ల్యూఎస్‌కి మాత్రం అన్ని ఆదాయాలూ కలుపుతారు, పైగా కుటుంబానికి 5 ఎకరాల వ్యవసాయ భూమి ఉంటే రాదు. తాతగారి పేరు మీద ఉన్న పొలం పంపకాలు కాని ఇళ్ళలో ఇది పెద్ద చిక్కు, పట్టాదారు పాసు పుస్తకం చూసుకుని అడగండి.

పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో ఇంకోలా. ఫెలోషిప్ డబ్బు ఆగిపోయేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఎలా ఉందో మిగతావన్నీ అలా డిగ్రీ రెండో ఏట్లోనే మార్పించండి.

జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్ఆర్ఎఫ్) 42,000, హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె భత్యం అదనం. తల్లిదండ్రులకి ముందు ఈ అంకె చెప్పండి. "ఇంకా చదువా?" అనే మాట "జీతమిచ్చి చదివిస్తారా?" అని మారుతుంది. జేఆర్ఎఫ్ అందకపోయినా నెట్ మెరిట్ మీద ఎస్సీలకి ఏటా 2,000, ఓబీసీలకి 1,000 జాతీయ ఫెలోషిప్పులున్నాయి. దరఖాస్తులో వాటి గడి కనిపిస్తే ఖాళీగా వదలొద్దు. ఏజెన్సీ నుంచి వచ్చి మీ దగ్గర చదివే ఎస్టీ పిల్లలకి గిరిజన మంత్రిత్వశాఖవి 750, వాటికి దరఖాస్తు వేరే. విదేశాలకి వెళ్ళాలనుకునే ఎస్సీ పిల్లలకి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు 115. ఎమ్మెస్సీలో 60 శాతం, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

ఫెలోషిప్ మొదటి విడత చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల మెస్సు బిల్లుకి, ప్రవేశ రుసుముకి చేతిలో డబ్బుండాలి. వడ్డీకి తెచ్చే పరిస్థితి రాకుండా మీ పూర్వ విద్యార్థులు నలుగురు కలిసి తిరిగి ఇచ్చే పద్ధతి మీద ఒక చిన్న నిధి పెట్టగలిగితే, అది పది స్కాలర్‌షిప్పుల పెట్టు. ఒకరు తీర్చగానే ఇంకొకరికి.

---

గోదారిగట్టు:

అందరూ ఒక్కొక్క పిల్లవాడి గురించే చెబుతున్నారు. ఒక్కణ్ణి పంపితే ఆరు నెలల్లో వెనక్కొచ్చేస్తాడు. గుంపుగా తయారుచెయ్యండి.

అమెరికాలో బాల్టిమోర్ దగ్గర యూఎంబీసీ అనే విశ్వవిద్యాలయంలో 1988లో మేయర్‌హాఫ్ పథకం మొదలైంది, సైన్సులో పీహెచ్‌డీల దాకా నల్లజాతి విద్యార్థులని చేర్చడానికి. అందులో డబ్బు ఒక భాగం మాత్రమే. తరగతులకి ముందే వేసవిలో అందరినీ ఒకచోట చేర్చి చదివించడం, కలిసి చదవడాన్ని నియమంగా పెట్టడం, మొదటి సంవత్సరాల్లోనే ల్యాబులోకి పంపడం, ఇవీ దాని ప్రాణం. వెనకబడినవాడు సాయం అడగడానికి సిగ్గుపడతాడు, అందరూ కలిసి చదివే చోట అడగడం మామూలైపోతుంది.

అమలాపురం, రాజోలు, రావులపాలెం, పాలకొల్లు కాలేజీల నుంచి ముగ్గురేసి పిల్లల్ని తీసుకుంటే పన్నెండుమంది. ఆదివారం ఒక కాలేజీ గది. మూడు గంటలు, ఒక గంట లెక్కలు, ఒక గంట పైన చెప్పిన బొమ్మ, ఒక గంట పాత పార్ట్ సీ ప్రశ్నలు. జవాబు కన్నా మిగతా మూడు ఎందుకు తప్పో చెప్పాలి. సీనియర్లు హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ల్యాబుల్లో ఉంటే నెలకోసారి ఫోన్లో కలపండి.

---

లంక_మాస్టారు:

ఇంత వివరంగా చెప్పినందుకు మనసారా కృతజ్ఞతలు. ఆదివారం గది సంగతి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. ఇంకొక్కటి. మా పాత విద్యార్థిని, ఎస్సీ అమ్మాయి, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ 53 శాతం. రెండేళ్ళుగా ఆక్వా ల్యాబులో రొయ్యకి తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. 55 శాతం లేదని తనే వదిలేసుకుంది. దారుందా?

---

హబ్సిగూడ_బయాలజీ:

ఉంది మాస్టారూ. 55 శాతం ఆమెకి వర్తించదు. నెట్‌కి ఎస్సీ, ఎస్టీలకి ఎమ్మెస్సీలో 50 శాతం చాలు, పీహెచ్‌డీ ప్రవేశానికి యూజీసీ 2022 నిబంధనల్లో కూడా 5 శాతం సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ వయోపరిమితిలో మహిళలకి, ఎస్సీలకి 5 ఏళ్ళ సడలింపు. ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సినవి ఇంకో రెండు. పీహెచ్‌డీ గరిష్ఠ కాలం 6 ఏళ్ళయితే మహిళలకి మరో 2 ఏళ్ళు ఇస్తారు, ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు మొత్తం మీద 240 రోజుల దాకా ఉంటుంది. పెళ్ళయితే చదువు ఆగిపోవాలన్న రూలేమీ లేదు.

రెండేళ్ళ పీసీఆర్ చిన్న విషయం కాదు, కానీ ఆమె దాన్ని "ల్యాబ్ టెక్నీషియన్" అన్న ఒక్క మాటలో రాసేసి ఉంటుంది. ఎన్ని శాంపిళ్ళు చేసింది, ప్రతి రన్‌లో పాజిటివ్ కంట్రోల్‌తో పాటు డీఎన్ఏ వెయ్యని ఖాళీ ట్యూబు కూడా పెట్టిందా, ఆ ఖాళీ ట్యూబులో బ్యాండ్ కనిపించిన రోజు ఏం చేసింది, ఇవి రాయమనండి. మాస్టర్ మిక్స్ (పీసీఆర్‌కి వేసే రసాయనాల మిశ్రమం) కలిపే బల్లా, డీఎన్ఏ వేసే బల్లా ఒకటే అయితే కలుషితం అవుతుందని ఆమెకి చేతి అనుభవం మీద తెలుసు. ప్యానెల్ వినాలనుకునేది అదే.

రియల్-టైమ్ పీసీఆర్ యంత్రం మీద చేస్తుంటే ఈ లెక్క నోటికి రావాలి. ఒక చెరువు శాంపిల్ సీటీ విలువ (వైరస్ సంకేతం కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య) 24, ఇంకోదానిది 27.3. ఏ చెరువులో వైరస్ ఎక్కువ, ఎన్ని రెట్లు? ప్రతి చక్రానికీ రెట్టింపవుతుంది కాబట్టి 3.3 చక్రాల తేడా అంటే సుమారు 10 రెట్లు, ఎక్కువున్నది 24 వచ్చిన చెరువులో. ఎక్కువ సంఖ్య అంటే ఎక్కువ వైరస్ అనుకుని బోల్తా పడేవాళ్ళు చాలామంది. "రెట్టింపు సరిగ్గా జరగకపోతే?" అని తర్వాతి ప్రశ్న వస్తుంది. తెలిసిన గాఢతని పదేసి రెట్లు పలచన చేస్తూ ప్రామాణిక రేఖ గీసి, దాని వాలు -3.3 దగ్గర ఉందో లేదో చూస్తామని చెప్పాలి.

ల్యాబు యజమాని అనుమతి లేకుండా రైతుల పేర్లు, చెరువుల ఫలితాలు ఎక్కడా చూపించకూడదు. ఉద్యోగం మానేముందు అనుభవ ధ్రువపత్రం లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, చేసిన పరీక్షల పేర్లు, వాడిన యంత్రాలతో సహా తీసుకోమనండి. నెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు కుల ధ్రువపత్రం, పదో తరగతి మెమో, ఎమ్మెస్సీ ప్రొవిజనల్ మూడూ స్కాన్ చేసి పెట్టుకోవాలి. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు, పరీక్షకి రెండు నెలల ముందు మానితే చాలు.